గ్లాక్ 26: మూడవ తరమా, ఐదవ తరమా?

దీపశిఖ:
నేను గురి సాధన మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. ఇప్పటివరకు శిక్షణ కేంద్రంలోని పెద్ద పిస్తోళ్ళతోనే కాల్చాను. సొంతానికి గ్లాక్ 26 అనే పొట్టి పిస్తోలు తీసుకోవాలని ఉంది. ఒకరు వాడి జాగ్రత్తగా దాచిన మూడవ తరం పిస్తోలు ఒకటి, ఇంకా ఎవరూ కాల్చని ఐదవ తరం పిస్తోలు ఒకటి ఇప్పుడు నా ముందున్నాయి. తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాక రెండింటినీ పట్టుకున్నాను. మూడవ తరం పిడి ముందు భాగంలో వేళ్ళ కోసం తీసిన గాడుల మధ్య గట్టు సరిగ్గా నా మధ్యవేలి కణుపు కిందికి వచ్చి ఒత్తుకుంది. ఐదవ తరంలో ఆ గట్టు లేదు. చిటికెన వేలికి మాత్రం రెండింటిలోనూ చోటు లేదు. ఇది కాక లోపల నిజంగా ఏమి మారిందో తెలిసినవారు చెప్పగలరా?

పాతకాపు:
మారింది తక్కువ, చెప్పుకుంటున్నది ఎక్కువ. 1990ల మధ్యలో వచ్చినప్పటి నుంచి ఈ పిస్తోలు అదే 9 మి.మీ. తూటాను, దాదాపు అదే 87 మి.మీ. బ్యారెల్ నుంచి కాలుస్తోంది. తూటాలు నింపే దాని సొంత మ్యాగజీన్‌లో అప్పుడూ పది తూటాలే, ఇప్పుడూ పదే. ట్రిగ్గర్‌లో ఒకటి, తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్నుకు ఒకటి, కిందపడినా పేలకుండా ఒకటి, ఇలా మూడు రక్షణలు ఆనాటి నుంచే ఉన్నాయి. నా మూడవ తరం పిస్తోలు ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారీ నిరాశపరచలేదు. దానికి సరిపోయే విడిభాగాలు, ఒరలు, బ్యారెళ్ళు దొరికినంత విరివిగా మరి ఏ తరానికీ దొరకవు. మీరు మూడవ తరమే తీసుకోండి. గట్టు ఒత్తుకుంటోందన్నారు, నాలుగు వందల తూటాలు కాల్చేసరికి వేళ్ళు వాటంతట అవే చోటు వెతుక్కుంటాయి.

గురిబల్ల:
సిగ్ కంపెనీ వారి పీ365 పిస్తోలు తీసుకుంటే గొడవే ఉండదు.

దీపశిఖ:
నేను అడిగింది 26 గురించి.

ఎడమవాటం:
పాతకాపు గారూ, మారింది తక్కువ అని మీరు అనగలుగుతున్నది మీరు కుడిచేతివాటం కావడం వల్లనే. మూడవ తరంలో మ్యాగజీన్‌ను విడిపించే మీట ఎడమ పక్కనే ఉంటుంది, పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడును వెనక్కి ఆపి నిలిపే మీట, అంటే స్లైడ్ స్టాప్ కూడా ఎడమ పక్కనే ఉంటుంది, మీ బొటనవేలు ఆ రెండింటి దగ్గరే ఆడుతుంది. నేను మ్యాగజీన్ దించాలంటే చూపుడువేలిని ట్రిగ్గర్ దగ్గర నుంచి తెచ్చి మీట నొక్కాలి. నాలుగవ తరంలో ఆ మీటను పెద్దది చేసి, కుడి పక్కకు మార్చుకునే వీలు కల్పించారు. 2018లో 26కు వచ్చిన ఐదవ తరం స్లైడ్ స్టాప్‌ను రెండు పక్కలా పెట్టింది. నేను నేర్చుకునే రోజుల్లో నాకు శిక్షణ ఇచ్చినాయన పిస్తోలును నా కుడిచేతిలో పెట్టి, "అందరూ ఇలాగే పట్టుకుంటారు" అని రెండేళ్ళు కాల్పించాడు. నా గురి ఎందుకు చెదురుతోందో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

తొలివరుస:
నాలుగవ తరంలో స్లైడును తిరిగి ముందుకు తోసే జంట స్ప్రింగు వచ్చి, కాల్చినప్పుడు చేతిని తాకే తన్ను బాగా తగ్గింది. దాన్ని ఎవరూ ప్రస్తావించలేదేమిటి?

మరలమేస్త్రి:
ప్రస్తావించకపోవడానికి కారణం ఉంది. నాలుగవ తరంలో జంట స్ప్రింగు కొత్తగా వచ్చింది గ్లాక్ 17 వంటి పెద్ద పిస్తోళ్ళకు. 26కు అది పుట్టుకతోనే ఉంది, ఎందుకంటే ఇంత పొట్టి స్లైడును ఆపడానికి ఒంటి స్ప్రింగుకు చోటు చాలదు.

దీపశిఖ గారు అడిగినదానికి వస్తాను. ఐదవ తరంలో వేలి గాడులు పోయాయి, మ్యాగజీన్ దూర్చే నోరు కొంచెం విచ్చుకుంది. బ్యారెల్ లోపలి మెలికల ఆకృతిని, మూతి అంచును మార్చారు. ఆ బ్యారెల్ పాత స్లైడులో ఇమడదు, పాతది ఇందులో ఇమడదు. ట్రిగ్గర్ స్ప్రింగు, ఫైరింగ్ పిన్నును అడ్డుకునే చిన్న ముక్క కూడా రూపం మార్చుకున్నాయి, ఫ్రేములో లాకింగ్ బ్లాక్ అనే ముక్కను బిగించే పిన్నును తీసేశారు. పైపూత కూడా వేరు. ఇక పిడి వెనుక తొడుగులు నాలుగవ తరం నుంచి ఉన్నాయి: ఏ తొడుగూ లేకుండా పట్టుకుంటే ట్రిగ్గర్ మూడవ తరంకన్నా సుమారు 2 మి.మీ. దగ్గరవుతుంది, మధ్యరకం తొడుగు పెడితే పాత కొలతకు వస్తుంది. చిన్న చేతులకు నా దృష్టిలో ఇదే అన్నింటికన్నా ముఖ్యమైన మార్పు. వేలి కొస ట్రిగ్గర్ మీద ఎక్కడ పడుతోందో ముందు చూసుకోండి.

పాతకాపు:
మరలమేస్త్రి గారి జాబితాతో నాకు తగాదా లేదు. నా తగాదా ఆ రెండు పక్కల స్లైడ్ స్టాప్‌తోనే. మిత్రుడి ఐదవ తరం పిస్తోలుతో ఒక పూట కాల్చాను. చివరి తూటా పేలాక స్లైడు వెనక్కి ఆగి నిలవాలి కదా, నా చేతిలో మూడుసార్లు మూసుకుపోయింది. ఎవరి కోసమో పెట్టిన మీట నా పట్టుకు అడ్డం వచ్చింది.

ఎడమవాటం:
కొంచెం నిదానంగా ఆలోచించండి. మీరు కుడిచేత్తో పట్టుకున్నారు, మీ బొటనవేలు పిస్తోలు ఎడమ పక్కన ఉంటుంది. స్లైడ్ స్టాప్‌ను లేవనివ్వకుండా అదిమి పట్టినది ఆ బొటనవేలే అయితే, అది ఆనిన మీట మూడవ తరంలోనూ అక్కడే ఉంది. కొత్తగా పెట్టింది కుడి పక్కది.

పాతకాపు:
నా బొటనవేలు ఎక్కడుందో మీరు దూరం నుంచి చూసినట్టు చెబుతున్నారు. ఎడమచేతివాటానికి అంత అనువైన పిస్తోలైతే తూటా పేలాక మిగిలే ఖాళీ కేసు కుడి పక్కకే ఎందుకు ఎగురుతుంది? ఆ రంధ్రం ఏ తరంలోనైనా కుడివైపే ఉంది. మ్యాగజీన్ మీటను మీ వైపుకు మార్చుకుంటే, మీట పట్టే గంటు ఒక్క పక్కనే ఉన్న పాత మ్యాగజీన్లు నిలవను కూడా నిలవవు. సగం పని చేసి పూర్తి మెప్పు కోరుతున్నారు.

ఎడమవాటం:
మెప్పు నాకు వద్దు. కేసు కుడివైపుకే ఎగురుతుందని నాకు మీరు చెప్పాలా? వేడి కేసు చొక్కా కాలర్‌లో పడి మెడ కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. సగమైనా నా కోసం జరిగిన పనిని మీరు అలంకారమని తోసేస్తున్నారు, వేళ్ళే సర్దుకుంటాయని కొత్తవారికి బోధిస్తున్నారు. మా శిక్షకుడు చెప్పిందీ అచ్చంగా ఇదే.

నిదానం:
ఇద్దరూ శాంతించండి. అడిగినామె పారిపోయేలా ఉంది.

పాతకాపు:
మొదటే చెప్పవలసింది, చెప్పబుద్ధి కాలేదు. కొన్నేళ్ళ కిందట ఒక ప్రమాదంలో నా కుడిచేతి మధ్యవేలికి, ఉంగరపువేలికి స్పర్శ సగం పోయింది. ఒరలోంచి తీసినప్పుడు పట్టు కుదిరిందో లేదో నాకు ఆ గట్టు ఒక్కటే చెబుతుంది. అది వేళ్ళ మధ్యకు రాకపోతే పట్టు తప్పిందని తెలుస్తుంది. నున్నటి పిడి మీద నా వేళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలియదు. మీ మిత్రులందరూ చేతికి అనువుగా ఉందని మెచ్చుకునే పిడి నా చేతికి అనువు కాకుండా పోయింది. ఆ స్లైడు మూసుకుపోయిన సంగతి కూడా బహుశా మీరన్నట్టు నా బొటనవేలి తప్పే కావచ్చు. వేళ్ళ చోటు తెలియక బొటనవేలిని గట్టిగా అదిమి ఉంటాను.

ఎడమవాటం:
మీ వేళ్ళ సంగతి నాకు తెలియదు. నొప్పించినందుకు మన్నించండి. కానీ ఆ గట్టు మీ చేతికి కుదిరిన రోజుల్లో కుదరనివారిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. గాడులు కావాలనుకునేవారు రబ్బరు తొడుగు ఎక్కించుకోవచ్చు. అచ్చుపోసిన గట్టును నేను చెక్కి తీసేయాలంటే ఫ్రేమునే పాడుచేసుకోవాలి.

పాతకాపు:
రబ్బరు తొడుగు చెమటకు జారుతుంది, వాడి చూశాను. ఆ మాటా నేను వెనక్కి తీసుకోను.

దీపశిఖ:
పారిపోలేదు, చదువుతున్నాను. నేను కుడిచేతివాటమే, వేళ్ళకు ఏ ఇబ్బందీ లేదు, చెయ్యి మాత్రం చిన్నది. ఐదవ తరాన్ని తొడుగు లేకుండా పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మెత్త మధ్యభాగం ట్రిగ్గర్ మీదికి వచ్చింది. మూడవ తరంలో వేలి కొస మాత్రమే అందింది. అయినా రెండింటితోనూ చెరొక యాభై తూటాలు కాల్చి చూస్తాను. మూడవ తరాన్ని అమ్ముతున్నవారు అందుకు ఒప్పుకున్నారు. వాడిన పిస్తోలు కనుక ముందుగా ఏమి పరీక్షించాలి?

మరలమేస్త్రి:
స్ప్రింగు. తూటాలు ఆ గదిలోనే లేకుండా చూసుకోండి. మ్యాగజీన్ తీసి, చాంబర్ ఖాళీ అని రెండుసార్లు నిర్ధారించుకుని, మూతిని సురక్షితమైన దిక్కుకు 45 డిగ్రీలు పైకెత్తండి. ట్రిగ్గర్ నొక్కి అలాగే పట్టుకుని, స్లైడును పూర్తిగా వెనక్కి లాగి, చేత్తో ఆపుతూ మెల్లగా ముందుకు వదలండి. పూర్తిగా మూసుకోకుండా మధ్యలో ఎక్కడైనా ఆగితే స్ప్రింగు అలసిపోయినట్టే. విప్పి చూసేటప్పుడు కూడా జాగ్రత్త: ఏ తరమైనా విప్పడానికి ముందు ట్రిగ్గర్ నొక్కవలసిందే, చాంబర్ చూడకుండా నొక్కినవారికే ప్రమాదాలు జరుగుతాయి.

పాతకాపు:
స్ప్రింగు పోయినా భయం లేదు. మూడవ తరానికి అది ఎక్కడైనా దొరుకుతుంది. మొదటి టపాలో నేను చెప్పింది అదే.

ఎడమవాటం:
మొదలైంది మళ్ళీ.