చూడ్డానికి స్పోర్ట్స్ బైక్‌లా ఉండాలి, నడుము మాత్రం నొప్పి పెట్టకూడదు. ఏది కొనాలి?

మాది విశాఖపట్నంలో గాజువాక. ఆఫీసు మధురవాడలో. ఎన్ఏడీ, మద్దిలపాలెం మీదుగా రోజూ రానూపోనూ ట్రాఫిక్కే. నెలకోసారి ఫ్రెండ్స్‌తో ఎస్.కోట ఘాట్ ఎక్కి అరకు వెళ్తుంటాం.

యమహా ఆర్15 స్పోర్ట్స్ బైక్ అంటే కాలేజీ రోజుల నుంచి పిచ్చి. మొన్న మా బావది అడిగి ఒకరోజు నడిపాను. కొండ మలుపుల్లో అయితే అద్భుతమే. కానీ హ్యాండిల్ కిందకి ఉండటంతో బరువంతా మణికట్ల మీదే పడింది, సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి వచ్చేసరికి మెడ పట్టేసింది. సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లట, నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చింది. (బావ నవ్వాడు, అది వేరే సంగతి.)

అదే ఇంజిన్‌తో యమహాదే ఎమ్‌టీ-15 ఉంది, నిటారుగా కూర్చోవచ్చు. కానీ ఫెయిరింగ్ (బండి ముందూ పక్కలా కప్పే ప్లాస్టిక్ బాడీ) లేదు, నాకేమో అదే కావాలి! సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ 250కి ఫెయిరింగూ ఉంది, హ్యాండిలూ కాస్త పైకే ఉంది, సీటు 800. మనసు అటే లాగుతోంది.

ఎవరైనా రోజూ సిటీలో జిక్సర్ నడుపుతున్నారా? ట్రాఫిక్‌లో కాళ్లకి వేడి తగులుతుందా? వెనక సీటు మీద మా ఆవిడ అరకు దాకా కూర్చోగలదా? పల్సర్ ఎఫ్250 ఇంతకన్నా నయమంటారా?