దోహాలో పదిన్నర గంటల మజిలీ: అమ్మానాన్నలకు ఊరు చూపించాలా, లోపలే కూర్చోబెట్టాలా?

నక్కలగుట్ట | ఆదివారం ఉదయం 9:12
సెప్టెంబరు రెండో వారంలో అమ్మానాన్నలను మాంచెస్టర్‌లో ఉన్న మా అక్క దగ్గరకు తీసుకువెళ్తున్నాను. షంషాబాద్‌లో తెల్లవారుజామున ఎక్కితే ఖతార్ రాజధాని దోహాలో ఉదయం ఆరింటికి దిగుతాం. తరువాతి విమానం సాయంత్రం నాలుగున్నరకు. మధ్యలో పదిన్నర గంటలు. బయటకు వెళ్లి ఊరు చూసి రావచ్చా, లోపలే కూర్చోవడం మేలా? అమ్మకు 58 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, ఇదే మొదటి విమాన ప్రయాణం. నాన్నకు 63. ఆయన 2001 నుంచి 2013 వరకు దోహాలోనే పనిచేశారు కనుక మాకు పూర్తిగా ముక్కూమొహం తెలియని ఊరు కాదు. అయితే ఆయనే రానంటున్నారు. "మీరిద్దరూ చూసి రండి, నేను సామాను దగ్గర కూర్చుంటాను" అని ఒకటే మాట.

ములుగు రోడ్డు | ఉదయం 9:40
హోటల్ బుకింగ్ ఉందా? భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లను ఊళ్లోకి వదిలే ముందు అడుగుతారు. అది తేల్చుకోకుండా మిగతావి ఎంత మాట్లాడినా లాభం లేదు.

భద్రకాళి గట్టు | ఉదయం 10:05
తప్పకుండా వెళ్లండి. రెండేళ్ల కిందట నేను ఎనిమిది గంటల మజిలీలోనే చూసి వచ్చాను. విమానాశ్రయంలోనే మెట్రో ఎక్కవచ్చు. ఒక ప్రయాణానికి 2 రియాళ్లు, రోజంతా తిరగడానికి 6 రియాళ్లు. ముషైరిబ్‌లో దిగితే సూక్ వాకిఫ్ నడిచి వెళ్లేంత దూరం. పాత బజారు అది. మట్టి పూత గోడలు, బయటకు పొడుచుకు వచ్చిన చెక్క దూలాలు, సుగంధ ద్రవ్యాల బస్తాలు, ఒక వరుస మొత్తం డేగల అంగళ్లు. కళ్లకు తోలు గంతలు కట్టిన డేగలు కొయ్య మీద కదలకుండా కూర్చుని ఉంటాయి. వాటికి వేరే ఆసుపత్రే ఉంది. మధ్యాహ్నం చాలా కొట్లు మూసేస్తారు, పొద్దున్నే వెళ్లాలి. తరువాత సముద్రం ఒడ్డున కార్నిష్ అనే నడకదారి, ఏడు కిలోమీటర్లు. ఒక చివర ఇస్లామిక్ కళల మ్యూజియం. 2008లో తెరిచారు, దాని నమూనా గీసిన వాస్తుశిల్పి ఐ.ఎం.పెయ్‌కి అప్పటికి తొంభై దాటాయి. ఆ ఒక్క కట్టడం కోసమే సముద్రాన్ని పూడ్చి దీవి చేశారు. అమ్మగారికి మెట్లెక్కే బాధ ఉండదు, లిఫ్టులున్నాయి.

కాజీపేట జంక్షన్ | ఉదయం 10:50
పదిన్నర గంటలని మురిసిపోకండి, లెక్క వేయండి. ఆరింటికి దిగితే ఇమ్మిగ్రేషన్ దాటి బయట పడేసరికి ఏడున్నర. నాలుగున్నర విమానానికి మూడు గంటల ముందు తిరిగి లోపల ఉండాలి, అంటే ఒకటిన్నర. మిగిలింది ఆరు గంటలు. రానూపోనూ గంటన్నర తీసేయండి. మిగిలిన నాలుగున్నర గంటల కోసం, రాత్రంతా నిద్ర లేని మనిషిని, మోకాళ్లు నొప్పి పెట్టే మనిషిని వీధుల వెంట తిప్పుతారా?

నేను రైల్వేలో 34 ఏళ్లు చేశాను. బండి తప్పిపోయినవాళ్లలో సగం మంది "ఇంకా టైముంది" అనుకున్నవాళ్లే. నిరుడు మా అమ్మాయి కూడా ఒక విమానాశ్రయంలో భోజనానికని బయటకు వెళ్లి విమానం పోగొట్టుకుంది. కొత్త టికెట్టు డబ్బు నేనే కట్టాను.

ఇంకొకటి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పొద్దున పది నుంచి మూడున్నర దాకా ఎండలో ఆరుబయట పని చేయించకూడదని ఆ దేశ ప్రభుత్వమే నిషేధం పెట్టింది. పనివాళ్లకే వద్దన్న ఎండలోకి మీరు షికారుకు వెళ్తారా? లోపల చెట్లతో పెద్ద తోటే పెంచారు, అక్కడ కూర్చోండి. సామాను సంగతి కూడా చెబుతున్నాను. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉంటే షంషాబాద్‌లో వేసిన పెట్టెలు నేరుగా మాంచెస్టర్‌లో దిగుతాయి. మీ నాన్నగారు కాపలా కాయడానికి అక్కడ సామానే ఉండదు.

భద్రకాళి గట్టు | ఉదయం 11:15
మూడు గంటలు ఎందుకండీ? బోర్డింగ్ పాసులు రెండూ షంషాబాద్‌లోనే ఇచ్చేస్తారు. పెట్టెలు వేసే పని లేదు. రెండు గంటలు చాలు.

కాజీపేట జంక్షన్ | ఉదయం 11:22
మూడు. భద్రతా తనిఖీ దగ్గర వరుస ఎంత ఉంటుందో మీ చేతిలో లేదు.

ధర్మపురి గోదావరి | ఉదయం 11:58
అక్కడ చూడడానికి ఏమీ లేదు తమ్ముడూ. నేను 2008 నుంచి 2018 వరకు ఉన్నాను. లోపలే కూర్చోండి.

భద్రకాళి గట్టు | మధ్యాహ్నం 12:10
పదేళ్లు ఉండి ఏమీ లేదంటే ఎలా అన్నా? 2019లో జాతీయ మ్యూజియం కొత్త భవనం తెరిచారు, ఎడారి గులాబీ అనే ఇసుక స్ఫటికం ఆకారంలో కట్టారు. మెట్రో వచ్చింది కూడా ఆ ఏడాదే. మీరు వచ్చేశాక ఊరు చాలా మారింది. మీరు చూడనంత మాత్రాన లేనట్టు కాదు కదా.

ధర్మపురి గోదావరి | మధ్యాహ్నం 12:47
నేను చూడలేదా? ఆ మెట్రో సొరంగంలో నేల తడి ఆరకముందు చూశాను. పైకి వచ్చే మెట్ల గోడలకు పలకలు అంటించింది మా బ్యాచే. రైలు తిరగడం మాత్రం ఫోనులో చూశాను, అప్పటికి ఇంటికి వచ్చేశాను.

మాకు వారంలో సెలవు శుక్రవారం ఒక్కటే. ఆ శుక్రవారమే పెద్ద మాల్స్‌లో కుటుంబాల రోజు. ఒంటరి మగవాళ్లను, అందులో మా చొక్కాలు చూసి, గుమ్మం దగ్గరే వెనక్కి పంపేవారు. ఎండ నిషేధం గురించి కాజీపేట గారు చెప్పింది 2021లో వచ్చిన నిబంధన. మా రోజుల్లో పదకొండున్నర నుంచి మూడు వరకే నీడ, అదీ జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకా. సెప్టెంబరు ఒకటో తేదీకి సూర్యుడు చల్లబడతాడా? ఇనుప చువ్వ పట్టుకుంటే చేతి తొడుగులోంచి కాలేది.

కఫీల్, అంటే మమ్మల్ని పనికి పిలిపించిన యజమాని, సంతకం పెట్టిన ఎగ్జిట్ కాగితం లేనిదే దేశం దాటనిచ్చేవారు కాదు. 2012లో మా అమ్మ పోయింది. సంతకం పెట్టే మనిషి సెలవులో ఉన్నాడన్నారు. తొమ్మిది రోజులు కంపెనీ ఆఫీసు బయట కూర్చున్నాను. ధర్మపురి చేరేసరికి అస్థికలు గోదావరిలో కలిపేశారు. బయటకు వదలని ఊరది. అందులోకి సరదాగా నాలుగు గంటలు వెళ్లి రమ్మని సలహాలు ఇస్తున్నారు.

కాజీపేట జంక్షన్ | మధ్యాహ్నం 1:05
మీ కష్టం చదివి బాధ కలిగింది. అయితే ఇక్కడ అడిగింది గంటల గురించి.

మామునూరు ఎప్పుడు | మధ్యాహ్నం 1:09
మన వరంగల్ మామునూరులో విమానాలు దిగితే ముందు షంషాబాద్ దాకా ఈ రాత్రి ప్రయాణం తప్పుతుంది. దాని గురించి ఎవరూ అడగరు.

భద్రకాళి గట్టు | మధ్యాహ్నం 1:30
అన్నా, క్షమించండి. కానీ ఆ ఎగ్జిట్ పర్మిట్ చాలామందికి 2018లో తీసేశారు, కంపెనీ మారడానికి పాత యజమాని ఇవ్వాల్సిన ఎన్‌ఓసీ (అనుమతి పత్రం) 2020లో పోయింది. అప్పటి పగ ఇప్పటి ఊరు మీద ఎందుకు? ఆ అమ్మగారు చేసిన తప్పేమిటి?

ధర్మపురి గోదావరి | మధ్యాహ్నం 1:36
పగ అన్నావా? సరే.

నక్కలగుట్ట | మధ్యాహ్నం 2:20
గొడవ పడకండి దయచేసి. నేను ఎందుకు అడిగానో పూర్తిగా చెప్పాల్సింది. మా ఇంట్లో బీరువాలో ఒక ఫొటో ఉంది. 2009లో నాన్న పంపినది. నీలి చొక్కా, ఇస్త్రీ మడత చేతుల మీద కూడా కనిపిస్తుంది. వెనుక సముద్రం, దాని అంచున పెట్టెల మీద పెట్టెలు పేర్చినట్టు తెల్లని భవనం. భద్రకాళి గారు చెప్పిన మ్యూజియం అదేనని ఇవాళ బొమ్మలు చూశాక తెలిసింది. ఫొటో వెనుక నాన్న రాత: "మా రూము ఇక్కడికి దగ్గరలోనే." అమ్మ ఆ ఫొటోను పట్టుచీర మడతలో పెట్టుకుంది. ఇద్దరినీ అదే చోట నిలబెట్టి మళ్లీ ఫొటో తీయాలని నా కోరిక. నాన్న మాత్రం ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతున్నారు.

ధర్మపురి గోదావరి | మధ్యాహ్నం 2:41
తమ్ముడూ, ఇప్పుడు అర్థమైంది. ఆ తీరం పక్కన కూలీల రూములు నేనెక్కడా చూడలేదు. అవి మంత్రిత్వ శాఖలు, హోటళ్లు. మేమంతా సనయ్యాలో ఉండేవాళ్లం, ఇండస్ట్రియల్ ఏరియా అంటారు, ఊరికి బయట. లారీల షెడ్లు, వర్క్‌షాపులు, మధ్యలో క్యాంపులు. ఒక రూములో రెండంతస్తుల మంచాలు ఆరు, పన్నెండు మంది. శుక్రవారం బస్సెక్కి కార్నిష్‌కు వెళ్లి, ఒకరి చొక్కా ఒకరు మార్చుకుని ఫొటోలు దిగి ఇళ్లకు పంపేవాళ్లం. నేనూ పంపాను. ఇంటివాళ్లు దిగులు పడకూడదని. మీ అమ్మను అక్కడికి తీసుకువెళ్తే ఆమె మొదట అడిగేది "ఏదీ మీ రూము?" అనే. ఆ మాటకు భయపడి ఆయన సామాను దగ్గర కూర్చుంటానంటున్నాడు. పన్నెండేళ్లు దాచుకున్న పరువు అది. నీ ఒక్క ఫొటో కోసం దాన్ని విప్పకు.

పాకాల చెరువు | మధ్యాహ్నం 3:30
పొద్దుటి నుంచి చదువుతున్నాను. ఇంతమంది రాశారు. ఆమెకు మోకాళ్ల నొప్పులని రాశారు, నిద్ర లేదని రాశారు, ఎండ తగులుతుందని రాశారు. ఆమెకు ఏం చూడాలని ఉందో ఒక్కరూ అడగలేదు. కన్న కొడుకు కూడా.

మా ఆయన తొమ్మిదేళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. ఏజెంటుకు కట్టిన అప్పుకు వడ్డీ నేను కట్టాను, ఇద్దరు పిల్లలను నేను పెంచాను, మా మామగారు పోతే చుట్టాలందరికీ కబురు చేసింది నేను. నర్సంపేటలో ఫోను బూత్ దగ్గర చీటీ పట్టుకుని వరుసలో నిలబడి మూడు నిమిషాలు మాట్లాడేదాన్ని. తిరిగి వచ్చాక "అక్కడ ఎలా ఉండేది?" అని అడిగితే "ఏముంది, ఇసుక" అన్నారు. ఇప్పటికీ అదే జవాబు. తొమ్మిదేళ్లకు ఒక్క మాట. ధర్మపురి అన్న కూడా మొదట అదే రాశారు చూడండి, "ఏమీ లేదు" అని.

ధర్మపురి గోదావరి | మధ్యాహ్నం 3:52
అక్కా, చెబితే మీరు తట్టుకునేవారా? మీరు ఇక్కడ అప్పులతో సతమతమవుతుంటే, నేను పన్నెండు మంది మధ్య పడుకుంటున్నాను, కూర నీళ్లలా ఉంది అని చెప్పాలా? మేము మోసినది మేము మోశాం. దాన్ని చూపించమని అడిగే హక్కు ఎవరికీ లేదు. కొడుక్కీ లేదు.

పాకాల చెరువు | మధ్యాహ్నం 4:10
భార్యకు ఉంది. మీరు దాచింది మీ కష్టం ఒక్కటే కాదు. మా తొమ్మిదేళ్లు, పన్నెండేళ్లు కూడా అందులో ఉన్నాయి. నా భర్త యవ్వనం ఏ ఊళ్లో గడిచిందో నాకు తెలియదు. ఆ ఊరి మీదుగా విమానంలో వెళ్తూ, పది గంటలు అక్కడే కూర్చుని, గాజు తలుపు దాటకుండా తిరిగి రావాలా ఆమె? తట్టుకోలేమని మీరే నిర్ణయించారు. మేము తట్టుకోనిదేముంది అన్నా?

కాజీపేట జంక్షన్ | సాయంత్రం 4:25
ఇద్దరికీ ఒక విన్నపం. వాళ్లు దంపతులు, వాళ్లే తేల్చుకుంటారు. ఎండలో నాలుగున్నర గంటలు మాత్రం నేను ఒప్పుకోను.

ములుగు రోడ్డు | సాయంత్రం 4:31
2017లో ఖతార్ 80 దేశాలవాళ్లకు ముందస్తు వీసా అక్కరలేదని ప్రకటించింది, అందులో మనమూ ఉన్నాం. అయినా హోటల్ బుకింగ్, ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు చూపించాలి. టికెట్టు కొన్నచోట ముందే అడిగి పెట్టుకోండి. మూడోసారి చెప్పను.

ధర్మపురి గోదావరి | సాయంత్రం 5:15
అక్కా, మీ మాటలు రెండుసార్లు చదివాను. మా ఇంట్లో కూడా ఆ ఫొటోలు గోడకున్నాయి. మా ఆవిడ ఇంతవరకు ఏమీ అడగలేదు. అడగలేదు కనుక నమ్మిందనుకున్నాను.

నక్కలగుట్ట | రాత్రి 8:40
అమ్మను అడిగాను. వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "దోహాలో బయటకు వెళ్తే నీకు ఏం చూడాలని ఉంది?" అన్నాను. తలెత్తకుండా "మీ నాన్న ఉన్న రూము" అంది. మ్యూజియం దగ్గర కదా, ఫొటోలో ఉన్న చోటు కదా అన్నాను. "అక్కడ ఆయన రూము లేదు. ఫొటో వచ్చిన ఏడాదే మన వాడకట్టు పిల్లవాడు ఒకడు సెలవు మీద వచ్చి చెప్పాడు. పన్నెండు మంది ఒక్క గదిలో ఉంటారట" అంది. మరి ఎందుకు అడగలేదంటే, "అంత మంచి చొక్కా వేసుకుని దిగి పంపారు కదా" అంది.

నాన్న ముందు గదిలో టీవీ చూస్తున్నారు. ఆయనతో ఏం మాట్లాడాలో తెలియక ఇక్కడికి వచ్చాను.

పాకాల చెరువు | రాత్రి 8:52
అమ్మకు నా నమస్కారం చెప్పు బాబూ.

ధర్మపురి గోదావరి | రాత్రి 9:20
తమ్ముడూ, సనయ్యాకు మెట్రో నేరుగా పోదు. ఊరి మీదుగా తిరగవద్దు, విమానాశ్రయం బయటే ట్యాక్సీ పట్టండి, పొద్దున్నే వెళ్తే లారీల రద్దీ పెరగకముందే చేరతారు. ట్యాక్సీని ఆపి ఉంచండి, అమ్మను నడిపించవద్దు. ఆ క్యాంపు ఇంకా ఉందో కూలగొట్టారో చెప్పలేను. అక్కడ వీధులకు అంకెలే గుర్తు. మీ నాన్నకు ఆయన వీధి అంకె మరుపుకు రాదు, నాకూ రాలేదు. వెళ్లి అడుగు. నీకు చూడాలని ఉందని అడగకు, అమ్మ అడిగిందని చెప్పు.

కాజీపేట జంక్షన్ | రాత్రి 9:34
సనయ్యా ఒక్కటే అయితే పదింటికల్లా తిరిగి వచ్చేయవచ్చు. నాకు అభ్యంతరం లేదు.

నక్కలగుట్ట | రాత్రి 10:15
అడిగాను. చాలాసేపు టీవీ వైపే చూశారు. తరువాత "ముప్పై ఎనిమిది" అన్నారు. లేచి లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అక్కడ నీడ ఉండదు, మీ అమ్మకు గొడుగు పెట్టు" అన్నారు.