మొహాలు గుర్తుపట్టలేకపోతున్నాడు, ఇది మతిమరుపా?

ప్రశ్న: మా అక్క కొడుక్కి పదకొండేళ్లు, చదువులో చురుకు. మొన్న స్కూల్ గేటు దగ్గర జుట్టు విరబోసుకుని నిలబడితే నా మొహం చూసి కూడా దాటిపోయాడు. "ఒరేయ్" అనగానే వెనక్కి తిరిగి "పిన్నీ, నువ్వా!" అన్నాడు. కళ్ల డాక్టరు చూపు బాగానే ఉందన్నారు. ఇంట్లో పరధ్యానం అని తిడుతున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ తిట్టడం మాన్పించండి. గొంతు వినగానే పోల్చుకున్నాడంటే మీరెవరో వాడికి బాగానే గుర్తుంది. మొహం చూసి ఆ గుర్తుదాకా వెళ్లడమే కష్టమవుతున్నట్టుంది. దీన్ని ప్రోసోపాగ్నోసియా అంటారు. 1947లో యోఆకిమ్ బోడామర్ అనే జర్మన్ న్యూరాలజిస్టు ఈ పేరు పెట్టారు. డాక్టరుగా, రచయితగా పేరుపొందిన ఆలివర్ శాక్స్‌కీ ఇది ఉండేది, కాబట్టి తెలివితేటలకీ దీనికీ సంబంధం లేదు.

మామూలుగా మెదడు కన్ను, ముక్కు, నోరు అని విడదీసి చూడదు. వాటి మధ్య ఎడం, పొందిక అన్నీ కలిపి మొహాన్ని ఒక్కటిగా పట్టుకుంటుంది. తెలిసినవాళ్ల ఫొటోని తలకిందులుగా పెట్టి చూడండి, ఆ పట్టు తప్పి మనమూ తడబడతాం. ఈ పనిలో మెదడు అడుగున ఉండే ఫ్యూసిఫామ్ అనే భాగానిది, అందులోనూ కుడివైపుదానిది, పెద్ద పాత్ర. హావభావాలు చదివే పని ఎక్కువగా వేరే చోట జరుగుతుంది. అందుకే చాలామంది ఎదుటి మనిషి ఎవరో తెలియకపోయినా నవ్వుతున్నారో, చిరాకుగా ఉన్నారో చెప్పేస్తారు.

ప్రశ్న: నిజమేనండీ! నాకు కోపం వస్తే ఇట్టే కనిపెడతాడు. మరి ఫొటోలు పెట్టి బట్టీ పట్టిస్తే తగ్గుతుందా?

జవాబు: పుట్టుకతో వచ్చిందైతే పూర్తిగా పోగొట్టే మందు లేదు. ఒకే ఫొటో పదేపదే చూపిస్తే వాడు నేర్చుకునేది ఆ ఫొటోలోని జుట్టునో, చొక్కానో. మనిషి ఎదురుగా వచ్చినప్పుడు అది అక్కరకు రాదు. నడక, గొంతు, కళ్లజోడు, పుట్టుమచ్చ లాంటి ఆనవాళ్లు పట్టడం నేర్పండి. పలకరించేటప్పుడు "నేను పిన్నిని" అని ముందే చెప్పండి. టీచరుకి విషయం చెప్పి ఉంచితే క్లాసులో ఇబ్బంది తగ్గుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎవరైనా "మీ మామయ్యని" అంటూ వస్తే వాడు నమ్మేసే ప్రమాదం ఉంది. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక రహస్యపు మాట పెట్టుకోండి, అది చెప్పనివాళ్లతో వెళ్లొద్దనండి.

పరీక్షకి న్యూరోసైకాలజిస్టు (జ్ఞాపకం, గుర్తుపట్టడం లాంటి మెదడు పనులని పరీక్షించే నిపుణులు) దగ్గరికి తీసుకెళ్లండి. ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది కాబట్టి మీవాళ్లలో ఇంకెవరికైనా ఉందేమో అడిగి చెప్పండి.

మరో సభ్యుడు: ఒక మాట కలుపుతాను. నిన్నటిదాకా బాగా ఉన్న మనిషి ఉన్నట్టుండి మొహాలు పోల్చలేకపోతే ఆలస్యం చేయొద్దు. పక్షవాతం వల్ల కావచ్చు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.