కనకాంబరానికి పూర్తి ఎండ తప్పనిసరా?

పెరటిమామిడి: మా మామిడి చెట్టు కింద ఉదయం పది గంటల వరకే ఎండ పడుతుంది. అక్కడ కనకాంబరం నాటితే పూయదని నర్సరీవారు అంటున్నారు. సభ్యులు తమ అభిప్రాయం తెలుపగలరు.

పూలసాగు: నర్సరీవారి మాటే సరైనది. పూలు అమ్ముకొనే రైతులు సాధారణంగా చెట్ల నీడన కనకాంబరం వేయరు. నీడలో ఆకు నవనవలాడుతుంది కాని పూల వెన్నులు పలుచబడతాయి. ముదురు నారింజ రంగు ఢిల్లీ రకం తెచ్చి ఎండలో పెట్టండి.

నాటుమొక్క: పూలసాగు గారు దిగుబడి గురించి చెప్పినది నిజమే కాని, అడిగినవారు మార్కెట్‌కు పంపడానికి కాక ఇంట్లో జడకూ దేవుడికీ నాలుగు పూలు కావాలని పెంచుకుంటున్నారన్నది మరువరాదు. దక్షిణ భారతం, శ్రీలంక స్వస్థలాలైన ఈ బహువార్షిక మొక్క పాక్షిక నీడను బాగానే ఓర్చుకుంటుంది. ఉదయపు ఎండ తగిలితే పూత మానదు, పైగా మే నెల మధ్యాహ్నపు ఎండకు వాలిపోయే బాధా ఉండదు. పెరట్లో కనకాంబరాన్ని చంపేది చాలాసార్లు నీడ కాదు, మొక్క మొదలు దగ్గర నిలిచే నీరు, వేళ్లలో బొడిపెలు కట్టించే నులిపురుగులు. కనుక అవే పురుగులు పట్టే వంగ, టమాటా పీకేసిన మడిలో నాటకుండా, గుంటలో వేపపిండి కలిపి, పక్కన బంతి వేయడం మేలు. ఢిల్లీ రకం త్రయస్థితికం (కణాల్లో క్రోమోజోములు రెండు వరుసలకు బదులు మూడు వరుసలుండేది) కావడం వల్ల గింజ కట్టదు, ప్రతిసారీ కొమ్మ ముక్కలతోనే పెంచాలి. (అది చూడముచ్చటగా ఉంటుందని ఒప్పుకుంటాను.) నాటు రకానికి ఆ బెడద లేదు: ఎండిన వెన్నుపై నీటి చుక్క పడగానే కాయ చిటుక్కున పగిలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి, వానలకు తల్లిమొక్క చుట్టూ మొలకలు లేస్తాయి. అందువల్ల నా ఓటు నాటు రకానికే.

పూలసాగు: ఇంటి అవసరానికైతే అంగీకరిస్తాను. అయితే మామిడి వేళ్లు నీటినీ పోషకాలనూ లాగేసుకుంటాయన్న సంగతి మీరు ప్రస్తావించలేదు. నాటు రకమైనా సరే, అక్కడ నేలలో నాటడం కంటే అడుగున రంధ్రాలున్న వెడల్పాటి కుండీలో పెట్టి, ఎండిన వెన్నులను ఎప్పటికప్పుడు తుంచుతూ, గింజ కోసం ఒకటి రెండు మాత్రమే ఉంచుకోవడం మంచిది.