వైశాఖంలో మబ్బు పట్టిన రోజు మేలా, ఎండ కాసే రోజు మేలా?

కోరాపుట్ వాసి:
ఎండ కాసే రోజే ఇష్టమనేవాళ్ళు ఒక్కటి చెప్పండి. పొలంలో పనిచేసే మనిషి మండుటెండలో పదకొండింటికే పార దించాలి. మబ్బేస్తే మధ్యాహ్నం దాకా పని సాగుతుంది. 1998లో వడగాలులకు ఒక్క ఒడిశాలోనే రెండు వేల మందికి పైగా పోయారు. మబ్బు వల్ల అలా పోయారని ఎక్కడైనా విన్నామా? నా మాట మబ్బు వైపే.

బరంపురం నుంచి:
మబ్బు వేరు, చల్లదనం వేరు అన్నయ్యా. మీ ఊరు చల్లగా ఉండేది ఎత్తు వల్ల. సుమారు 870 మీటర్లు కదా, వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గించి చూడండి.

గోపాల్‌పూర్ ఒడ్డున లెక్క వేరు. ఎండ కాస్తే నేల వేడెక్కి, మధ్యాహ్నానికి సముద్రపు గాలిని లోపలికి లాగుతుంది. మబ్బు కమ్మితే నేల వేడెక్కదు, ఆ గాలి నీరసిస్తుంది, తేమ మాత్రం అలాగే ఉంటుంది. 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 30 చూపిస్తుంది. 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే అది 24 దగ్గరే ఆగుతుంది. ఆరే చెమట చల్లబరచగలిగేది ఆ అంకె వరకే. అందుకే మబ్బు రోజున ఒళ్ళంతా జిడ్డుగా తడిసినా చల్లబడదు. పైగా పగటి వేడి రాత్రి ఆకాశంలోకి పోకుండా మబ్బు అడ్డుకుంటుంది, తెల్లవార్లూ ఉక్కపోతే.

చంద్రపూర్ నుంచి:
బరంపురం వారి లెక్కతో ఏకీభవిస్తాను. పొడి ఎండలో కూలర్ బాగా పనిచేసేదీ ఇందుకే. 42 డిగ్రీల గాలి మంచి గడ్డి ప్యాడ్ల గుండా వస్తే 28 దాకా దిగుతుంది. బరంపురం 34 డిగ్రీల గాలి 31 దగ్గరే ఆగుతుంది, గది చెమ్మగిల్లుతుంది. కూలర్ పెట్టినవాళ్ళు ఎదురు కిటికీ తెరవాలి. తలుపులన్నీ బిగిస్తే తడిగాలి బయటికి పోయే దారి లేక గంటలోనే ఉక్క మొదలవుతుంది.

కానీ 24 చూసి ధీమా పడొద్దు. అది నీడన ఉండి, నీళ్ళు తాగుతూ ఉన్నవాళ్ళకే. గాలి ఒంటి వేడిని దాటితే అదే ఒంటిని వేడెక్కిస్తుంది. చెమట ఆరిపోతూ ఉంటుంది కాబట్టి ఎంత నీరు పోయిందో తెలియదు. వడదెబ్బ అలాగే కొడుతుంది.

పర్లాకిమిడి వంటిల్లు:
మబ్బును మెచ్చుకునేవాళ్ళెవరూ వడియాల మాటే ఎత్తలేదు! గుమ్మడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, రాత్రంతా గుడ్డలో మూటకట్టి పైన బరువు పెట్టి నీరు కార్చాలి. మినప్పప్పు నాలుగైదు గంటలు నానాక నీళ్ళు పోయకుండా గట్టిగా రుబ్బాలి. ఏడింటికల్లా పెట్టేస్తే మొదటిరోజు ఎండకే పైపొర గట్టిపడాలి. మబ్బేస్తే లోపలి పిండి పులిసి, రెండోరోజుకు బూజు పడుతుంది. అప్పుడు ప్లాస్టిక్ షీటు మీద ఉంచకండి, అడుగున తేమ నిలిచిపోతుంది. పలచటి నూలుబట్ట మీదికి మార్చి ఫ్యాన్ గాలి తగలనివ్వాలి. మూడు దాటాక కాలబైశాఖి (ఎండాకాలపు సాయంత్రాల్లో వచ్చే ఉరుముల గాలివాన) మబ్బు లేస్తుందేమో చూసుకుంటూ ఉండండి, వాన పడితే పిండంతా నేలపాలే.

కోరాపుట్ వాసి:
వడియాల సంగతి ఒప్పుకుంటాను అమ్మా, వడ్లైనా ఎండలేకుండా 14 శాతం తేమకు దిగవు. మనుషుల విషయంలో మాత్రం నా మాట మారదు, కాకపోతే ఇకపై మబ్బుతో పాటు గాలి కూడా ఉండాలంటాను.

బరంపురం నుంచి:
గాలి లేని మబ్బు రోజున పనిచేసేవాళ్ళకు ఎండ రోజు జాగ్రత్తే కావాలి. లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు సమానపు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి తాగుతూ ఉండండి. ఉప్పు ఎక్కువైతే హాని, కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి.