మాండరిన్ చేపను పస్తు పెట్టి ఫ్రోజెన్ మేతకు అలవాటు చేయవచ్చా?

నీలిరెక్క:
నా 120 లీటర్ల సముద్రపు నీటి ట్యాంకులో ఒక మాండరిన్ చేప ఉంది. ట్యాంకు పెట్టి ఎక్కువ కాలం కాలేదు. చేప పగలంతా రాళ్ల మీద ఏదో ఏరుకుంటూ తిరుగుతుంది కానీ గుళికలను గాని, ఫ్రోజెన్ మైసిస్‌ను (రొయ్యలాంటి చిన్న జీవులను) గాని ముట్టదు. మైసిస్ దాని మూతి ముందు నుంచే జారి కింద పడినా పట్టించుకోదు. కొన్నాళ్లు పస్తు పెడితే ఆకలికి ఆగలేక తానే తింటుందని కొందరు, అలా చేస్తే చేప దక్కదని మరికొందరు చెప్పారు. ఏది సరైనదో అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

అలలకుంట:
పస్తు పెట్టడం తప్పు కాదని నా అభిప్రాయం. లయన్‌ఫిష్ మొదట్లో ప్రాణమున్న ఎరను తప్ప ముట్టదు. దానికి కొన్నాళ్లు మేత ఆపి, పుల్లకు గుచ్చిన రొయ్య ముక్కను ముందు కదిలిస్తే అందుకుంటుంది. మాండరిన్‌కు రాళ్ల మీద కోపెపాడ్‌లు (నీటిలో బతికే అతి చిన్న జీవులు) దొరుకుతున్నంత కాలం కొత్త మేత వైపు చూడవలసిన అవసరమే ఉండదు కదా.

పగడపుదిబ్బ:
అలలకుంట గారు చెప్పినది లయన్‌ఫిష్ విషయంలో నిజమే. కానీ ఆ పోలిక మాండరిన్‌కు ఎంతమాత్రం వర్తించదు. లయన్‌ఫిష్ పెద్ద ఎరను ఒక్కసారిగా మింగి, మళ్లీ ఆకలి వేసేదాకా తాపీగా ఉండగల చేప. మాండరిన్ కంటికి కనీకనిపించని జీవులను ఒక్కొక్కటిగా పగలంతా ఏరుకుని తినే చేప. దానికి మేత ఆపితే ఒంట్లో ఉన్న కాస్త కండ కరిగిపోతుంది, నీరసించిన చేపకు కొత్త మేతను రుచి చూసే ఓపిక కూడా మిగలదు.

అది తినే తీరును ఒకసారి దగ్గరగా గమనించండి. పొట్ట కింది రెక్కల మీద రాయి వెంట గెంతుతున్నట్టు కదులుతుంది, ఉన్నట్టుండి ఆగుతుంది, కళ్లను అటూ ఇటూ తిప్పుతూ ఒకే చోట నిలకడగా చూస్తుంది, ఆ తరువాత చిన్న మూతిని ముందుకు చాచి ఒక్క చుక్కంత జీవిని లాగేసుకుంటుంది. దాని చూపును పట్టి నిలిపేది ఆ జీవి కదలికే. నిర్జీవంగా జారిపోయే మైసిస్ ముక్క దానికి మేతగా తోచదు. మీరు దాన్ని మొండితనం అనుకుంటున్నారు గాని, ఆ ముక్క ఆహారమని దానికి తెలియనే తెలియదు.

కనుక ముందుగా కోపెపాడ్‌లను పెంచండి, మేత మార్పు సంగతి ఆ తరువాత చూడవచ్చు. వాటిలో టిస్బే జాతి చిన్నది, రాళ్ల సందుల్లో దాగి అక్కడే పిల్లలను పెడుతుంది కాబట్టి ట్యాంకులో నిలదొక్కుకుంటుంది. టిగ్రియోపస్ పెద్దది, కుదుపులతో ఈదుతుంది కాబట్టి చేప కంట వెంటనే పడుతుంది. రెండూ వేయడం మంచిది. వీలైతే సంప్‌లో (ప్రధాన ట్యాంకుకు కలిపిన అదనపు తొట్టిలో) కీటోమార్ఫా నాచుతో ఒక రెఫ్యూజియం, అంటే వాటికి రక్షణ ఉన్న చోటు, ఏర్పాటు చేయండి, చేపకు అందని చోట అవి పెరిగి కొన్ని ప్రధాన ట్యాంకులోకి చేరుతుంటాయి. సిక్స్‌లైన్ రాస్ వంటి చేప ఉంటే అదీ వాటినే తింటుందని మరవకండి.

మేతకు అలవాటు చేయడానికి చేపను ట్యాంకులోనే వలగుడ్డ పెట్టెలో ఉంచి, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్య) పిల్లలను రోజుకు పలుమార్లు వేయండి. సుమారు 28 డిగ్రీల ఉప్పునీటిలో దాదాపు 24 గంటలకు ఆర్టీమియా గుడ్లు పొదుగుతాయి. పిల్లల ఒంట్లోని పచ్చసొన త్వరగా ఖర్చైపోతుంది, కనుక పొదిగిన వెంటనే వేయాలి, లేదా పోషక ద్రవంలో కొన్ని గంటలు ఉంచి వేయాలి. చేప వాటిని ధైర్యంగా తినడం మొదలుపెట్టాక సన్నగా తరిగిన ఫ్రోజెన్ మైసిస్‌ను కొద్దిగా కలిపి, క్రమంగా దాని వంతు పెంచండి. పెట్టెలో ప్రవాహం తక్కువ, పోటీ చేపలు ఉండవు, మేత దాని ముందే నిలిచి ఉంటుంది. ఆకలితో మాడ్చకుండానే ఆ సాన్నిహిత్యం వల్ల అది నేర్చుకుంటుంది.

అలలకుంట:
పెట్టె పద్ధతిని ఒప్పుకుంటాను. కానీ 120 లీటర్లలో ఒక్క మాండరిన్ ఉన్నా కోపెపాడ్‌లు పెరిగే వేగం కన్నా తినే వేగం ఎక్కువ. ఎంత పోసినా అవి ఖాళీ అవుతాయి. అప్పుడు ఫ్రోజెన్ మేత తినడం రాని చేపకు పస్తు ఎలాగూ తప్పదు. రోజుకు పలుమార్లు మేత వేస్తే నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ పెరగడం మరో సమస్య.

పగడపుదిబ్బ:
కోపెపాడ్‌ల మీదే ఆధారపడరాదన్న మీ మాట సమంజసం. ఫ్రోజెన్ మేత నేర్పాలన్నదే నా వాదన కూడా, కానీ చేప పుష్టిగా ఉన్నప్పుడు నేర్పాలి. మిగిలిన మేతను పెట్టె అడుగు నుంచి సన్నని గొట్టంతో తీసేస్తే నీటి భారం చాలావరకు తగ్గుతుంది.

నీలిరెక్క గారూ, దీపాలు ఆర్పిన అరగంట తరువాత టార్చి వేసి గాజు మీద, రాళ్ల మీద చూడండి. తెల్లని చుక్కలు చురుగ్గా పాకుతూ కనిపిస్తే మీకు కొంత వ్యవధి ఉంది. ఏమీ కనబడకపోతే ఈ వారమే కోపెపాడ్‌లను తెప్పించి, దీపాలు ఆర్పాక వేయండి. చేపను ముందు నుంచి కూడా చూడండి. పొట్ట లోపలికి పీక్కుపోయి, వెన్ను పక్కన పల్లం పడి ఉంటే ప్రయోగాలకు సమయం లేదు, ఆర్టీమియా పిల్లలతో నేడే మొదలుపెట్టాలి. అంతగా చిక్కిన చేప అప్పటికీ తినకపోతే, పాత రాళ్లు సమృద్ధిగా ఉన్న పెద్ద ట్యాంకు గలవారికి దాన్ని అప్పగించడమే దాని మేలు కోరిన పని. మళ్లీ మాండరిన్‌ను తేవాలనుకున్నప్పుడు సముద్రంలో పట్టినదానికి బదులు, పిల్ల దశ నుంచి ట్యాంకులోనే పెంచి, ఫ్రోజెన్ మేత తింటున్నదాన్ని మీ కళ్ల ముందే తినిపించి చూపమని అడిగి తీసుకోండి.