కురిడీని హిందీవాళ్లు ఏమని వెతుకుతారు? కీవర్డ్‌లు అనువదించుకోవాలా, అడిగి తెలుసుకోవాలా?

అటక_కురిడీ (అంబాజీపేట)

మాది కురిడీ వ్యాపారం. కొబ్బరికాయల్ని అటక మీద పోసి ఎనిమిది నుంచి పన్నెండు నెలలు అలాగే ఉంచుతాం. నీళ్లన్నీ ఇగిరిపోయాక కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గుండు గలగలమంటుంది. అప్పుడు కొట్టి తీస్తే వచ్చేదే కురిడీ. నాన్నగారి కాలం నుంచీ సరుకు ఉత్తరాదికి దళారుల చేతుల మీదుగానే వెళ్తోంది. ఈసారి మేమే వెబ్‌సైట్ పెట్టి, గూగుల్ యాడ్స్‌తో అక్కడి కొనుగోలుదారుల్ని నేరుగా కలుద్దాం అనుకున్నాం.

గూగుల్ మన కీవర్డ్‌లని (ఏ మాటలు వెతికితే మన యాడ్ కనబడాలో ఆ మాటల్ని) తనంతట తాను అనువదించదు కదా. అందుకని తెలుగులో ముప్పై మాటలు రాసుకుని, అనువాద యాప్‌లో వేసి హిందీలోకి మార్చి పెట్టేశాను. "ఎండు కొబ్బరి"కి "సూఖా నారియల్" వచ్చింది, "ధర"కి "మూల్య" వచ్చింది. పది రోజులు క్లిక్కులు బాగానే పడ్డాయి. ఒక్క బస్తాకి కూడా ఆర్డర్ లేదు. సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ (జనం ఏమని వెతికితే మన యాడ్ కనబడిందో చూపే జాబితా) తెరిస్తే, వచ్చినవాళ్లలో ఎక్కువమంది కొబ్బరి లడ్డూ ఎలా చేయాలి, ఎండు కొబ్బరి తింటే లాభాలేమిటి అని వెతికినవాళ్లే.

ఏళ్లుగా మా సరుకు కొంటున్న కాన్పూర్ షావుకారుగారికి ఫోన్ చేసి, "మీరైతే ఫోన్లో ఏమని కొడతారండీ?" అని అడిగాను. తడుముకోకుండా "గరీ గోలా థోక్ భావ్" (కురిడీ టోకు ధర) అన్నారు. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారట. ఆ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా నా ముప్పైలో లేదు.

అందుకే అంటున్నా, వేరే భాషలో కీవర్డ్ కొనేవాడి నోటి నుంచి రావాల్సిందే. యాప్ నుంచి రాదు. మీరేమంటారు?

రాజమండ్రి_యాడ్స్

తమ్ముడూ, డబ్బు పోయిన బాధ అర్థమైంది కానీ నీ మాట ఒప్పుకోను. ఒక షావుకారు చెప్పింది ఒక షావుకారి మాటే. కాన్పూర్‌లో గరీ గోలా, మహారాష్ట్ర వెళ్తే ఖోబరం, తమిళనాడులో కొప్పరై. ప్రతిచోటా ఫోన్ చేసి అడగడానికి మనకి అక్కడ ఎవరున్నారు?

నేను చేసేది ఇది. యాప్ ఇచ్చిన మాటల్ని, ఏ మాట ఎంతగా వెతుకుతున్నారో చూపే గూగుల్ కీవర్డ్ ప్లానర్‌లో వేస్తా. భాష హిందీ అని, ప్రాంతం మనకి కావాల్సిన రాష్ట్రం అని పెడతా. దగ్గర మాటలు అదే చూపిస్తుంది. యాడ్స్ మీద పెద్దగా ఖర్చు పెట్టని ఖాతాకి నెలకి 100 నుంచి 1000 సార్లు వెతుకుతారు అన్నట్టు మోటు లెక్కే ఇస్తుంది, అయినా ఏది బతికున్న మాటో తెలిసిపోతుంది. చిన్న బడ్జెట్‌తో వదిలి, రెండో రోజే రిపోర్ట్ చూస్తా. నువ్వు కూడా అప్పుడే చూసి "రెసిపీ", "ఫాయదే" (లాభాలు) లాంటివి, వాటితో వెతికితే యాడ్ కనబడకుండా, నెగెటివ్ కీవర్డ్స్‌లో పెట్టి ఉంటే ఇంత నష్టం వచ్చేది కాదు. తప్పు అనువాదంలో లేదు, పదో రోజు దాకా చూడకపోవడంలో ఉంది.

కడియం_మొక్కలు

అన్నా, ప్లానర్ నేనూ రోజూ వాడతా. కానీ అది మనం వేసిన మాట చుట్టూ ఉన్నవే చూపిస్తుంది. వేసిన మాటే తప్పైతే?

మా బంతి నారు సంగతే చూడండి. యాప్ "గేంద్ కే పౌధే" అని ఇచ్చింది. గేంద్ అంటే ఆడుకునే బంతి, పువ్వు గేందా. దీర్ఘం ఒక్కటి పోయింది, పువ్వు పోయింది. కన్నడంలో అది చెండు హూవు, తమిళంలో సెండుమల్లి. తమిళంలో ఇంకో చిక్కుంది. సామంది అంటే మన చామంతి, కానీ బంతిని తులుక్క సామంది అనేవాళ్లూ ఉన్నారు. ఒట్టి "సామంది నారు" అని పెడితే బంతి కావాల్సినవాడు కూడా మన పేజీలోకి వచ్చి, చామంతి చూసి వెళ్లిపోతాడు.

మా షెడ్డులో ఫోన్ పక్కన ఒక నోటుబుక్ ఉంటుంది. ఫోన్ చేసినవాళ్లు మొక్కని ఏ పేరుతో అడిగితే ఆ పేరే, చెవికి వినబడినట్టే తెలుగులో రాస్తాం. పక్కన ఊరు. పేజీలన్నీ మట్టి వేలిముద్రలే. మా కీవర్డ్‌లలో పనికొచ్చినవి దాదాపు అన్నీ అందులోవే.

పూతరేకుల_వీధి (ఆత్రేయపురం)

మా పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అయినా తెలుగు రాష్ట్రాలు దాటి మాకు ఫోన్ చేసేవాళ్లు "పేపర్ స్వీట్ ఉందా" అనే అడుగుతారు. పూత, రేకు రెండూ విడివిడిగా అనువదించినా ఆ మాట రాదు.

రాజమండ్రి_యాడ్స్

మొదట వేసే మాట తప్పైతే ఏమీ లేదన్నది ఒప్పుకుంటున్నా. కానీ నోటుబుక్‌లో పడేది మన నంబర్ తెలిసినవాళ్ల మాటే. మనల్ని బొత్తిగా ఎరగనివాడు ఏమని వెతుకుతాడో రిపోర్టే చెప్పాలి.

తమ్ముడూ, షావుకారుగారు చెప్పారు కదా అని "గోలా" ఒక్కటే పెట్టేయకు. ఐసు గోలా తినేవాళ్లొస్తారు, లెక్కల్లో గోళం చదివే పిల్లలొస్తారు. "గరీ గోలా" కలిపి, ఆ అర్థం ఉన్న వెతుకులాటలకే యాడ్ కనబడేలా, ఫ్రేజ్ మ్యాచ్‌లో పెట్టు.

లేసు_అల్లిక (నర్సాపురం)

మా సరుకు విదేశాలకి. జర్మన్‌లో లేసుని ష్పిట్సె అంటారు, ఆ మాటకే కొండ శిఖరం అనీ అర్థం ఉంది. మేం అదొక్కటే పెట్టి నెల పోగొట్టుకున్నాం. తర్వాత ఆ భాష చదువుకున్న అమ్మాయికి రెండు గంటలకి డబ్బిచ్చి జాబితా చూపించాం. సగం కొట్టేసి, టేబుల్ క్లాత్, కర్టెన్ అంటూ వస్తువుల పేర్లు రాసిచ్చింది. ఆవిడకి ఇచ్చింది మా వారం యాడ్ ఖర్చు కన్నా తక్కువ.

భాష ఒకటే అయినా ఊరుకోకండి. అమెరికాలో సింగిల్ క్రోషే అనే కుట్టుని బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటారు. ఏ దేశానికి రాస్తున్నామో ముందే తేల్చుకోవాలి.

అటక_కురిడీ (అంబాజీపేట)

రిపోర్ట్ విషయంలో రాజమండ్రి అన్న చెప్పిందే రైటు, ఇకనుంచి రెండు రోజులకోసారి చూస్తా. మొదటి మాటలు మాత్రం యాప్ నుంచి తీసుకోను. "మూల్య" తీసేసి "భావ్", "రేట్" రెండూ పెట్టాను, హిందీ అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి.

ఛఠ్ పండక్కి బిహార్ వైపు కొబ్బరికి గిరాకీ ఉంటుంది. వాళ్లు పీచుతో ఉన్న కాయని ఏమంటారో, ఒలిచిన కాయని ఏమంటారో నాకింకా తెలియదు. రేపు తెల్లవారుజామున మా దగ్గర పట్నా లారీ లోడింగ్ ఉంది. కడియం అన్న చెప్పినట్టు నోటుబుక్ కొన్నా, డ్రైవర్‌తోనే మొదలుపెడతా.